సగంలో ఆగే తెర

ఆ పేటలో సెలూన్ నడిపే బాబాయికి కత్తెర ఎంత ఆడేదో నోరూ అంతే ఆడేది. గడ్డం గీయించుకున్నవాడు పదిళ్ల కబుర్లు మోసుకుని గానీ కుర్చీ దిగేవాడు కాదు. అలాంటి మనిషి, పేట పిల్లల చేత నాటకాలు వేయించే టీచరమ్మను ఒక్క వేషం ఇమ్మని బతిమాలాడు. రాసిన మాట ఒక్కటీ చెప్పడు, రాయనివన్నీ చెబుతాడు, వద్దు బాబూ అని ఆవిడ దణ్ణం పెట్టేసింది. ఆయన భార్యకి మాత్రం తెర తాడు లాగే పని అప్పగించింది. మొగుడికి దక్కనిది పిన్నికి దక్కిందని పేటంతా నవ్వుకుంది.

ఇదంతా బాబాయి జుట్టు నల్లగా ఉన్న రోజుల మాట. పాత గోదాములో మొదటి నాటకం నాడు తెర సగంలో ఇరుక్కుపోయింది. లోపల పిల్లలు బిక్కచచ్చిపోయారు. బాబాయి ఉండబట్టలేక లేచి వెళ్లి తెర ముందు నిలబడ్డాడు.

"కంగారు పడకండి. తాడు లాగేది మా ఆవిడే. ఇంట్లో నన్ను లాగినంత తేలికనుకుంది."

హాలు గొల్లుమంది. ఆ నవ్వులోనే తెర కదిలింది. ఆ తర్వాత ఏ నాటకమైనా తెర సగంలో ఆగాల్సిందే, బాబాయి లేవాల్సిందే. జనం నాటకం కోసం వచ్చేవారో, ఆయన నాలుగు మాటల కోసం వచ్చేవారో చెప్పడం కష్టం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది.

కాలం ఒక్కలా ఉండదు కదా. గోదాము కప్పు కారసాగింది. రంగులకీ దుస్తులకీ టీచరమ్మ పింఛను చాలక నాటకాల క్లాసు మూతపడేలా ఉంది. అప్పుడు ఒక ధర్మసంస్థ వాళ్లు ఆదుకుంటామని చూడటానికి వచ్చారు. మాటకారి కదా అని హాలు చూపించే పని బాబాయికే ఇచ్చారు. ఆయన కారే కప్పు చూపించాడు, విరిగిన చెక్కలు చూపించాడు. అంతటితో ఊరుకుంటే బాబాయి ఎందుకవుతాడు? తెర కథ కూడా గొప్పగా చెప్పుకున్నాడు. వచ్చినవాళ్లలో ఒకావిడ ఓపిగ్గా విని, అయితే ముందు ఆ తెరే మార్పిస్తామంది.

అలా దొరక్క దొరికిన వేషాన్ని చేజేతులా పోగొట్టుకున్నాడు. వద్దనడానికి మనసొప్పలేదు. పిల్లలకి క్లాసు నిలబడుతుంటే తన నాలుగు మాటల కోసం ఏడవడం ఏం బాగుంటుంది? అయినా ఇంటికెళ్లాక అన్నం సహించలేదు.

పాత తెర దించిన మేస్త్రీ, తెర జారే పట్టాలో ఎక్కడా అడ్డు లేదు, ఇది ఇరుక్కునే తెర కాదన్నాడు. బాబాయికి ఒళ్లు మండింది. నిన్నగాక మొన్నొచ్చి నాకు చెబుతావా అని దులిపేశాడు. పక్కనే పాత తెర మడతపెడుతున్న పిన్ని తల ఎత్తలేదు. కొత్తదానికి మోటారు పెట్టారు. మీట నొక్కి పట్టుకుంటే చివరిదాకా ఆగదని చెప్పి, ఆ మీట పిన్ని చేతికే ఇచ్చారు.

కొత్త తెర లేచే రోజు ముందు వరసలో సంస్థ వాళ్లు కూర్చున్నారు. బాబాయి మొదటిసారి వెనక, గోడ పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోమని పిన్ని పట్టుబడితే వేసుకున్నాడు గానీ, ఎవరికి చూపించడానికో ఆయనకి అర్థం కాలేదు. మోటారు సన్నగా మోగింది. తెర వెన్నలా జరిగింది. ఇక తన పని అయిపోయిందనుకుని బాబాయి తల దించుకున్నాడు.

మోటారు ఆగింది. తెర సగంలో నిలిచిపోయింది.

మేస్త్రీ కంగారుగా పరిగెత్తాడు. గోడ పక్కనుంచి బాబాయికి తెర చాటున ఉన్న పిన్ని కనబడింది. మీట ఆవిడ చేతిలోనే ఉంది, బొటనవేలు మాత్రం దాని మీద లేదు. పాత తెర మొదటిసారి ఇరుక్కున్నది నిజమే. ఆ తర్వాత ఎప్పుడూ ఇరుక్కోలేదని ఆయనకి అప్పుడు తెలిసింది.

"ఏం చూస్తున్నారు? రండి, ఇరుక్కుంది" అని పిలిచింది పిన్ని.

బాబాయి వెళ్లి తెర ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క మాట రాలేదు. కళ్లు తుడుచుకుంటున్న ఆయన్ని చూసి, ఇదీ కొత్త వేషమే అనుకుని, హాలు గొల్లుమంది. పిన్ని మీట నొక్కింది.