నాలుగో నంబరుకు ఒక్క పెట్టె

తడి మేజోళ్లను మెషీన్లోంచి లాగి, ఒక్కొక్కటే తిరగేసి గంపలో వేస్తోంది ఫుసాయె. ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో పంతొమ్మిదేళ్లుగా బట్టలుతికే పని ఆమెదే. తొడ పక్కన గడ్డి మరక వదలని లాగు చేతికి తగిలితే చాలు, నంబరు చూడకుండానే అది కురమోచిదని చెప్పేస్తుంది.

ఆ రోజు ఫిబ్రవరి పద్నాలుగు, ఆడవాళ్లు మగవాళ్లకు చాక్లెట్లిచ్చే ప్రేమికుల రోజు. నడవాలో ఆటగాళ్ల పేర్లు రాసిన అట్టపెట్టెలు వరసగా పెట్టారు. అభిమానులు పంపిన చాక్లెట్లను ఎవరివి వాళ్ల పెట్టెలో వేసి, మధ్యాహ్నానికి ఎవరికెన్నో రాసి గోడకు అంటిస్తారు. ముందు వరసలో ఆడే కుర్రాడు అయాసెకు మూడు పెట్టెలు నిండి నాలుగోది తెచ్చారు. పదకొండేళ్లుగా వెనక నిలబడి దెబ్బలు తినే కురమోచికి మాత్రం ఎప్పటిలాగే ఒక్క చాక్లెట్ పెట్టె. గోలు ఆపేవాణ్ణి ఎవరు చూస్తారు? లోకం కొట్టేవాడి జుట్టు చూస్తుంది.

ఆ ఒక్కటీ పంపేది ఫుసాయే. ఎనిమిదేళ్ల కిందట అతనికి సున్నా వచ్చింది. జట్టంతా నవ్వితే తానూ నవ్వి, ఖాళీ పెట్టెను తానే మడిచి చెత్తలో పెట్టాడు. ఆమె అది చూసింది. మరుసటి ఏటి నుంచి షిరాయి నొబుకో అని లేని మనిషి పేరు పెట్టి, చేతిరాత మార్చి, చిరునామా లేకుండా చీటీ రాసి పంపుతోంది. మీ ఆట కోసమే వస్తాను, ఇంకో ఏడు ఆడండి అని.

మధ్యాహ్నం కురమోచి తలుపు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆట మానేస్తున్నానని పొద్దున ఆఫీసులో చెప్పాడట. సాయంత్రం రైలుకు ఊరెళ్లి అన్నతో కలిసి ఆపిల్ తోట చూసుకుంటాడట. కాయలు కోయడానికి నిచ్చెన ఎక్కగలవా అని అడిగింది ఆమె.

"మోకాలు ముడవదు పిన్నీ. రెండేళ్ల కిందటే మానెయ్యమన్నాడు డాక్టరు. ఇంకా ఆడితే జన్మలో సరిగ్గా నడవలేవన్నాడు."

"మరెందుకు ఆడావు నాయనా?"

"ఒకావిడ ఉంది. నా ఒక్కడి కోసమే వస్తుందట. ఆవిడ చీటీ చూసినప్పుడల్లా, ఇంకో ఏడు లాగుదాంలే అనిపించేది."

నిజం చెబితే అతనికి ఆ ఒక్కరూ మిగలరు. చెప్పకపోతే ఆ కాలు పాపం తను చచ్చేదాకా మొయ్యాలి. ఫుసాయె చేతిలోని మేజోడును రెండుసార్లు తిరగేసింది.

"ఆవిడ రాయకుండా ఉండాల్సింది," అంది చివరికి.

"అట్లా అనకు పిన్నీ. నాకున్నది ఆవిడే."

అతను సంచిలోంచి మడతపెట్టిన బట్ట ఒకటి తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఎప్పుడైనా క్లబ్బుకొస్తే ఇవ్వమన్నాడు. వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే మంచులో ఒక కాలు అడుగు వేస్తోంది, రెండో కాలు గీత గీస్తోంది. ఆమె ఏడ్చింది. గేటు దాకా పరుగెత్తాలనుకుంది, వెళ్లలేదు.

బల్ల మీది మడత విప్పింది, అతని నాలుగో నంబరు చొక్కా. దాని మీద నల్లసిరాతో, కుదురైన పెద్ద అక్షరాలతో రాసి ఉంది: షిరాయి నొబుకో గారికి, ఎనిమిదేళ్లు నా కోసం వచ్చినందుకు.