మెంతి గుజ్జుతో మా ఆయన

నేను చేసిన బొమ్మని చూసి జనం మొట్టమొదట అడిగే మాట ఒక్కటే. "ఇదేమిటి?"

బాగుందనరు, బాగాలేదనరు. పాల ప్యాకెట్లు కత్తిరించి హంసని అల్లితే, ఎదురు ఫ్లాటు ఉమ దాన్ని గిన్నెలు తోముకునే పీచు అనుకుని తీసుకెళ్ళి సింకు దగ్గర పెట్టింది. పట్టుచీర అంచుతో బాలకృష్ణుణ్ణి చేస్తే మా అమ్మాయి సహస్ర "మమ్మీ, సో క్యూట్! గొంగళిపురుగు కదా?" అంది. ఢిల్లీలో పుట్టిన పిల్ల, తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడమంటే నసుగుతుంది. గొంగళిపురుగు అనే మాట మాత్రం ఆ రోజు టక్కున గుర్తొచ్చింది.

అయినా నేను మానలేదు. ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటు తొమ్మిదో అంతస్తు. మధ్యాహ్నం పూట కత్తెర, జిగురు, రంగులు ముందేసుకుని బాల్కనీలో కూర్చుంటే నాకు లోకం గుర్తుండదు. వేళ్ళకి అంటిన జిగురు ఆరాక దాన్ని పొరలు పొరలుగా ఒలుచుకోవడంలో ఎంత సుఖముందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ బాల్కనీ మీద మా ఆయన జనార్దనరావు కన్ను పడింది. వారంలో సగం రోజులు ఆయనకి ఇంటి నుంచే ఆఫీసు. వీడియో మీటింగులో వాళ్ళ పెద్దసారు ఈయన వెనక నా అట్టపెట్టెలు చూసి "రావ్ సాబ్, ఇల్లు మారుతున్నారా?" అని అడిగాడట. అంతే, సాయంత్రానికల్లా అద్దాల ధరలు కనుక్కుని వచ్చారు.

"బాల్కనీకి అద్దాలు బిగించి ఆఫీసు గది చేసుకుంటానోయ్. ఆ చెత్తంతా పాతసామాన్ల కబాడీవాడికి ఇచ్చెయ్."

"చెత్త అనకండి. అవి బొమ్మలు."

"బొమ్మలైతే చూసినవాళ్ళు ఇదేమిటని ఎందుకు అడుగుతారు?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట నిజమే, అడుగుతారు మరి.

ఆ అదును చూసి ఆయన పందెం వేశారు. దసరా దగ్గరకొచ్చింది. ఏటా బొమ్మల కొలువులో ఒక్కటైనా కొత్త బొమ్మ పెట్టాలని మా అత్తగారి నాటి నుంచీ ఆనవాయితీ. ఈసారి ఆ కొత్త బొమ్మ నా చేత్తోనే చెయ్యాలి. కొలువు ఉన్నన్ని రోజులూ దాన్ని చూసి ఎవ్వరూ "ఇదేమిటి" అని అడక్కూడదు. ఒక్కరు అడిగినా బాల్కనీ ఆయనది. అడక్కపోతే జన్మలో మళ్ళీ అద్దాల మాట ఎత్తరు.

"ఎవ్వరూ అంటే ఎవ్వరూ," అని వేలు చూపించారు ఆయన. "పేరంటాళ్ళు, పిల్లలు, వాచ్‌మన్, ఎవరైనా సరే."

"ఠీక్ హై," అన్నాను. అనేశాక భయమేసింది. ఆ బాల్కనీ పోతే నాకు ఈ ఊళ్ళో కూర్చోవడానికి సోఫా తప్ప ఇంకో చోటు లేదు.

ఏనుగుని చేస్తానని ఇంట్లో చెప్పేశాను. తొండం ఉంటే ఎవరికైనా తెలుస్తుంది కదా. మా అమ్మమ్మ చేటలకి పూసేది కాగితం, మెంతులు కలిపి రుబ్బిన గుజ్జు. పురుగు పట్టదు, ఆరితే చెక్కలా గట్టిపడుతుంది. వారం రోజుల పేపర్లు నానబెట్టాను, మెంతులు నానబెట్టాను, రెండూ కలిపి గ్రైండర్లో మెత్తగా రుబ్బాను. బూడిదరంగులో, నున్నగా, చెయ్యి పెడితే తియ్యబుద్ధి కానంత బాగా వచ్చింది. ఢిల్లీ ఎండ ఇంకా తగ్గలేదు, బయట పెడితే పులిసిపోతుందని స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంట్లో ఖాళీగా ఉన్న పెద్ద స్టీలు డబ్బా ఒక్కటే. మామూలుగా అది అట్లపిండి డబ్బా.

మర్నాడు ఆదివారం. మా ఇంట్లో ఆదివారం అట్లు మా ఆయనవే. పెళ్ళైన కొత్తలో నన్ను మురిపించడానికి మొదలుపెట్టి, తర్వాత గొప్పలు చెప్పుకోవడానికి కొనసాగిస్తున్నారు. ఆ రోజు పక్క ఫ్లాటు భాటియా గారిని కూడా పిలిచారు. రిటైరైన పెద్దమనిషి, మన చట్నీ అంటే ప్రాణం.

నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లోంచి మెంతుల వాసన ఘుమఘుమలాడుతోంది. గడపలోనే ఆగిపోయాను.

భుజం మీద తువ్వాలు, నుదుటి మీదకి ఎక్కించిన కళ్ళజోడు, చేతిలో అట్లకాడ. మా ఆయన పొయ్యి ముందు వంగి, పెనానికి కరుచుకున్నదాన్ని గీకుతున్నారు.

"పిండి కొంచెం మొండికేస్తోందోయ్," అన్నారు నన్ను చూడకుండానే. "సహస్ర కొత్తగా తెప్పిస్తున్న మిల్లెట్ పిండేగా ఇది? రంగు చూడగానే పోల్చుకున్నా. ఉప్పు నువ్వు మర్చిపోయావు, నేనే కలిపాను."

ఇంతకన్నా నిండుగా పప్పులో కాలేసిన మనిషిని నేను చూడలేదు.

బల్ల దగ్గర భాటియా గారు పళ్ళెంలో ఒక బూడిదరంగు ముక్కని నోట్లో పెట్టుకుని చాలాసేపటి నుంచి నములుతున్నట్టున్నారు. కక్కలేక, మింగలేక, మర్యాద వదల్లేక నా వైపు చూసి తల ఊపారు.

"బహుత్ హెల్దీ హై, భాభీజీ. ఫైబర్ హై. చట్నీ తో కమాల్ కీ హై."

"ఉమ్మెయ్యండి భాయ్‌సాబ్!" అని అరిచాను. "అది అఖ్బార్!"

భాటియా గారు ఒక్క గెంతున సింకు దగ్గరకి వెళ్ళారు. సహస్ర నేల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. "డాడీ నే న్యూస్‌పేపర్ కా దోశా బనాయా!" అని ఫోన్లో ఎవరికో చెప్పేస్తోంది కూడా. మా ఆయన మాత్రం అట్లకాడ దించకుండా నన్నే నిలదీశారు.

"పేపర్ని అట్లపిండి డబ్బాలో పెట్టేవాళ్ళని నిన్ను తప్ప చూళ్ళేదు!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. డబ్బాలో చూస్తే అడుగున కొబ్బరికాయంత గుజ్జు మిగిలింది. ఏనుగుకి చాలదు. మళ్ళీ నానబెట్టి రుబ్బి చేస్తే అది ఆరేలోపు కొలువు వచ్చేస్తుంది. ఆ సంగతి ఆయనకీ తోచినట్టుంది, పెనం గీకుతూనే చిన్నగా ఈలవేశారు.

ఆ ఈల చాలు నాకు. డబ్బా చంకనపెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దబీమని వేశాను. గుజ్జుని పిడికిట్లో పట్టుకుని ఆయన పీక అనుకుని పిసికాను. గాజు తలుపులోంచి వంటిల్లు కనిపిస్తోంది. ఆయన ఇంకా వంగే ఉన్నారు. ఆయన్ని చూస్తూ, తిట్టుకుంటూ పిసుకుతున్నాను. పొట్ట వచ్చింది. వంగిన వీపు వచ్చింది. నుదుటి మీద ఒక చిన్న ఉబ్బు, కళ్ళజోడు. ఒక పుల్ల విరిచి చేతిలో గుచ్చితే అట్లకాడ. తువ్వాలు ముక్క భుజం మీద వెయ్యగానే నా చెయ్యి ఆగిపోయింది.

నా అరచేతిలో మా ఆయన నిలబడి ఉన్నారు.

నేను చేసినదేదీ అంతకుముందు దేనిలాగానూ లేదు. ఇది మాత్రం ఉలిక్కిపడేటంతగా ఉంది. సహస్రని పిలిచి చూపించాను. అది చూసి, నోరు రెండు చేతులతో మూసుకుని, "మమ్మీ... డాడీ!" అంది. ఇదేమిటి అనలేదు. ఇద్దరం కలిసి దొంగతనంగా ఆరబెట్టి, రంగులు వేసి, కొలువులో కింది మెట్టు మీద శెట్టిగారి కొట్టు బొమ్మ పక్కన, పప్పులు ఉప్పుల గిన్నెల మధ్య నిలబెట్టాం.

కొలువు మొదలయ్యాక మా ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. పేరంటాళ్ళు వచ్చే వేళకి పడకగదిలో చేరి, తలుపు ఓరగా తీసి, చెవులు రిక్కించి వినడం. ఆ ఒక్క మాట కోసం. నేను మాత్రం వచ్చిన ప్రతి మనిషికీ గుమ్మంలోనే పెదవుల మీద వేలు పెట్టి చూపించేదాన్ని. వాళ్ళు వరసగా చూసుకుంటూ కింది మెట్టు దగ్గరకి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. ఉమ అయితే నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. మిసెస్ భాటియా నవరాత్రి ఉపవాసంలో ఉంది కాబట్టి శనగలు తినదు, ఆవిడకి విడిగా మఖానా, అదే తామరగింజలు, వేయించి పెట్టాను. ఆవిడ మఖానా నములుతూ బొమ్మ చెవిలో, "భాయ్‌సాబ్, ఆజ్ అఖ్బార్ మే క్యా పకాయా?" అని, ఇవాళ పేపర్లో ఏం వండారని, గుసగుసగా అడిగి మరీ వెళ్ళింది.

గదిలోకి వినబడేది ఒట్టి నవ్వే. అర్థంకాక మా ఆయన రోజూ సహస్రని అడిగేవారు.

"ఎవరైనా అడిగారా?"

"నో డాడీ."

"ఏనుగేదీ అసలు? కనిపించదే?"

"మమ్మీ సే పూఛో నా."

నన్నడగడానికి ఆయనకి రోషం అడ్డం. పొద్దున్నే కొలువుకి దూరం నుంచే ఒక దణ్ణం పెట్టి, కళ్ళజోడు నుదుటి మీద ఉండగానే, మెట్రోకి పరిగెత్తేవారు.

దశమి సాయంత్రం ఆఖరి పేరంటం. హాలు నిండా ఆడవాళ్ళు. ఇంక ఆగలేక మా ఆయన గదిలోంచి బయటికి వచ్చేశారు. చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా పై మెట్టు నుంచి చూసుకుంటూ దిగారు. దశావతారాలు అయ్యాయి, పెళ్ళి ఊరేగింపు అయింది, శెట్టిగారు వచ్చారు.

"ఏనుగూ లేదు, కొత్త బొమ్మా లేదు. పందెంలో తొండి చేశావోయ్," అంటూ వంగారు. తర్వాత అట్లకాడ పట్టుకున్నాయన్ని వేలితో పొడిచారు. "ఇదేమిటి? ఎవరీ బొజ్జాయన?"

శనగలు నములుతున్న ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు.

ఇదేమిటి అనేశారు. ఎవ్వరూ అంటే ఎవ్వరూ అని ఆయనే అన్నారు, ఆయన కూడా అందులో లెక్కే. బాల్కనీ పోయింది.

ఆయనకి కూడా అదే వెలిగింది. ముఖం చేటంత చేసుకుని "అడిగాను! ఇదేమిటని నేనే అడిగాను!" అని చెయ్యెత్తారు. అప్పుడు చూశారు చుట్టూ. అందరి కళ్ళూ ఒకసారి బొమ్మ మీదకీ, ఒకసారి ఆయన మీదకీ తిరుగుతున్నాయి. భుజం మీద అదే తువ్వాలు. నుదుటి మీద అదే కళ్ళజోడు. వంగిన అదే వీపు.

ఆయన కళ్ళజోడు మెల్లగా కిందికి దించుకుని బొమ్మని మళ్ళీ చూశారు.

"డాడీ," అంది సహస్ర, పాపం తెలుగులోనే, "నువ్వు గుర్తుపట్టలేదా?"

గుర్తుపట్టలేదంటే పందెం ఆయనదే. కానీ తన ఫొటో అంత స్పష్టంగా ఉన్న తన బొమ్మని తానే పోల్చుకోలేదని ఇంతమంది ముందు ఒప్పుకోవాలి. రేపు పొద్దున లిఫ్టులో ఎవరికీ ముఖం చూపించలేరు. ఆ రోజు భాటియా గారి నోట్లో ముక్క ఎలా ఇరుక్కుందో, ఇప్పుడు గెలుపు మా ఆయన నోట్లో అలా ఇరుక్కుంది.

"గుర్తుపట్టకపోవడమేమిటి!" అన్నారు చివరికి, గొంతు సవరించుకుని. "చూడగానే తెలిసింది. ఊరికే అడిగా, మీరు చెబుతారో లేదో అని."

అప్పుడు లేచిన నవ్వుకి పక్క ఫ్లాటు నుంచి భాటియా గారు కూడా వచ్చేశారు.

అందరూ వెళ్ళాక కొలువు ముందు ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. బొమ్మ చేతిలో ఉంది. బాల్కనీ దక్కిందని నేను లోపల గంతులేస్తూనే ఆయన పక్కన చేరాను.

"నా వీపు ఇంత వంగిపోయిందటోయ్?" అన్నారు.

నాకు చివుక్కుమంది. కోపంతో చేసిన బొమ్మే కానీ, ఆ వీపు అబద్ధం కాదు. ఇన్నేళ్ళు ప్రతి ఆదివారం నా కోసం పొయ్యి మీదకి వంగిన వీపు అది. నేనెప్పుడూ దాన్ని పట్టించుకుని చూశానని అనుకోలేదు. నా వేళ్ళు చూసుకున్నట్టున్నాయి.

"వంగితే వంగింది. బాగుంది," అన్నాను. ఆయన మీద నాకు చాలా ప్రేమ కలిగింది, అది కూడా చెప్పేశాను. ఆయన కంగారుపడి కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదకి తోసేసుకున్నారు.

కొలువు ఎత్తేసే ముందు ఒక బొమ్మని పడుకోబెట్టాలి. ఏటా సీతమ్మవారిని పడుకోబెట్టేదాన్ని. ఈసారి ఈయన్ని పడుకోబెట్టి తువ్వాలు ముక్క కప్పాను.

"పక్కన ఎవరూ లేకుండా ఒక్కణ్ణే పడుకోవాలా?" అన్నారు మా ఆయన.

ఆ మాట ఊరికే అనలేదని ఆదివారం తెలిసింది. పొద్దున్నే బాల్కనీలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మోచేతుల దాకా గుజ్జు పూసుకుని, ఏదో పిసుకుతున్నారు. పేపర్లు ఎప్పుడు నానబెట్టారో, గ్రైండర్ ఎప్పుడు తిప్పారో నాకు తెలియదు. నన్ను చూడగానే చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"నిన్నే చేస్తున్నా. అయ్యేదాకా చూడకు."

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. కార్పెంటర్. పందెం తనదేననే ధీమాతో మా ఆయన ముందే రమ్మని చెప్పి, వద్దని చెప్పడం మర్చిపోయారు. నేనే అతణ్ణి లోపలికి తీసుకొచ్చి, అద్దాలు వద్దు, ఇద్దరు కూర్చునే బల్ల ఒకటి కావాలి, కొలతలు తీసుకోమన్నాను. అతను టేపు తీశాడు. తీసి, మా ఆయన చేతుల మధ్యనున్న గుండ్రటి బూడిదరంగు ముద్దని చూసి ఆగిపోయాడు.

"సాబ్, యే క్యా హై? కుక్కర్?"

"దిఖ్తా నహీ క్యా?" అని మా ఆయన గయ్యిమన్నారు. "మేడమ్ హై!"

కార్పెంటర్ ముద్దని చూశాడు, నన్ను చూశాడు. తెలివైనవాడు, "అచ్ఛా, అచ్ఛా, బిల్కుల్," అని టేపు పట్టుకుని బాల్కనీ ఆ చివరికి వెళ్ళిపోయాడు. మా ఆయన ముఖం చిన్నబోయింది. నాకు కోపం రావాలి. నేను ఇంకో బకెట్టు బోర్లించుకుని ఆయన పక్కన కూర్చుని, ఆ కుక్కర్‌కి ముక్కు ఎక్కడ పెట్టాలో చూపించాను.