పేజీ తిప్పని రోజు

ఆ రోజు మాతో పనిచేసేవాళ్లలో అందరికన్నా పెద్దదైన పెద్దక్క మూడుసార్లు మరుగుదొడ్డి తాళంచెవి అడిగింది. అది సూపర్‌వైజర్ జేబులో ఉంటుంది. చేతిలో ఉన్న కాగితాల పెట్టె స్కాన్ చేయడం పూర్తయ్యాకే ఇస్తానన్నాడు. నాలుగోసారి ఆమె అడగలేదు. నిలుచున్నచోటే బట్టలు తడిశాయి. అయినా పేజీలు తిప్పుతూనే ఉంది. మిగతా పదిమందిమీ చూశాం. మా స్కానర్లూ ఆగలేదు. ఏమీ అనిపించలేదు మాకు. యంత్రం దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకు ఆ మొద్దుబారడం తెలుసు.

మాది పెద్ద గ్రంథాలయం కింద కిటికీల్లేని గది. ఆడవాళ్ల సంఘాల పాత ఉత్తరాలు, కరపత్రాలు, సమావేశాల పుస్తకాలు పెట్టెల్లో వస్తాయి. వాటిని మేం కంప్యూటర్‌కెక్కిస్తే, స్త్రీల చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్లు ఎక్కడినుంచైనా ఇంటర్నెట్‌లో చూసుకుంటారట. కాంట్రాక్టరు మాకు చెప్పింది ఒకటే: చదవొద్దు, తిప్పండి.

ఆ సాయంత్రం మాలో అందరికన్నా చిన్నది, డిగ్రీ చదివిందని మేం పంతులమ్మ అని పిలిచే పిల్ల, తిప్పడం ఆపేసింది. తన ముందున్నది ఏదో బట్టల మిల్లు ఆడకూలీల సమావేశాల పుస్తకం. మెల్లగా పైకి చదివింది.

"దొడ్డి తాళం తీసేదాకా మిషను ముట్టేది లేదని పద్నాలుగుమందీ ఒప్పుకున్నారు."

కింద వేలిముద్రలున్నాయి. ఒక్కొక్కరం వంగి చూశాం. ఎవరూ ఏడవలేదు. ఎన్నేళ్ల కిందటిదని పెద్దక్క అడిగింది. అరవై, అంది పంతులమ్మ.

మర్నాడు మేమూ దొడ్డి తాళం తీసేదాకా ముట్టేది లేదని యంత్రాల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. కాంట్రాక్టరు వచ్చి బతిమాలాడు, తర్వాత బెదిరించాడు, బయట వందమంది ఈ పని కోసం కాచుకున్నారన్నాడు. ఈ పని మా చేత చేయిస్తున్న చరిత్ర మేడమ్ పై అంతస్తు నుంచి దిగివచ్చింది. వెబ్‌సైట్ ప్రారంభం ఎల్లుండేననీ, ఇదంతా మన ఆడవాళ్ల కోసమేననీ, కాస్త సర్దుకోమనీ చెప్పింది.

"మీ అంతస్తులో దొడ్డికి తాళముందామ్మా?" అంది పెద్దక్క.

మేడమ్ మెట్ల వైపు తిరిగింది. కానీ పైకి వెళ్లలేదు.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. పుస్తకం చదివి మమ్మల్ని రెచ్చగొట్టిందంటూ పంతులమ్మను మెట్ల మీదుగా ఈడ్చుకెళ్లారు. తన చెప్పొకటి మెట్ల మీదే ఉండిపోయింది. మేం చూస్తూ నిలబడ్డాం. దీని వెనక ఇంకెవరున్నారని అధికారి అడిగాడు.

"రాసుకోండి, పదకొండుమందిమి. ఒక్క పేరూ వదలొద్దు," అంది పెద్దక్క.

అతను రాసుకోలేదు. రాసింది మేమే, తెల్లకాగితం మీద, పంతులమ్మ పేరుతో మొదలుపెట్టి. పైన చదువుకుంటున్న విద్యార్థినులు దిగివచ్చి తమ పేర్లూ చేర్చారు. అందరి వెనకగా వచ్చి మేడమ్ కూడా సంతకం పెట్టింది.

సాయంత్రానికి నలభై పేర్లయ్యాయి. పంతులమ్మను వదలమని, లేదంటే మమ్మల్నందరినీ పట్టుకోమని అడగడానికి ఆ కాగితం పట్టుకుని పోలీస్‌స్టేషన్‌కు నడిచాం.  దారిలో ఒక్కరూ వెనుదిరగలేదు.