నాలుగు నిమిషాల తేడా

ఇరవై మూడో స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని, ఉప్పుగాలికి తీగ అతుకు మీద పట్టిన పచ్చటి చిలుమును గరుకు కాగితంతో రుద్దుతోంది వెంకటదుర్గ. భీమవరం శివార్లలో, రొయ్యల చెరువుల మధ్య, ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు వేసిన రేడియో యాంటెన్నా అది. అరవై స్తంభాలు. పన్నెండేళ్లుగా వాటిని తుడిచేదీ బిగించేదీ ల్యాబ్ అటెండరైన ఆమే. మోకాళ్లు అరిగిపోయాయి. వేళ్ల చివర్లు రాగిరంగుకు తిరిగాయి. ఇవాళ్టితో రిటైర్మెంటు.

ఎక్కడో వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలున్న క్వేజార్ నుంచి, అంటే అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం నుంచి వచ్చే రేడియో తరంగాలను ఆ తీగలు పట్టుకుంటాయి. సూర్యుడి చుట్టూ పరుచుకున్న ప్లాస్మాలోంచి, అంటే విద్యుత్తు నిండిన పలచటి వాయువులోంచి దాటేటప్పుడు అవి రెపరెపలాడతాయి. ప్రొఫెసర్ హైమగారు అదే రాసి పంపితే, అది ప్లాస్మా కాదు, చెరువుల్లో గాలి కొట్టే మోటార్ల రొద అంటూ సైన్సు పత్రిక వాళ్లు వ్యాసం తిప్పి పంపారు.

ఆర్నెల్ల కిందట, ఆ ఉత్తరం ముందు హైమగారు తల పట్టుకుని కూర్చున్నప్పుడు వెంకటదుర్గ గుమ్మంలో నిలబడి అంది.

"మోటార్లు కాదండి. మా ఆయన చెరువుల మీదే పనిచేశాడు. మోటార్లు రోజూ ఒకే టైముకి వేస్తారండి. ఇదేమో రోజూ నాలుగు నిమిషాలు ముందే వస్తంది, చుక్కలు కూడా రోజూ అంత ముందే పొడుస్తాయి కదండి, అట్టా."

"మీకెలా తెలుసు దుర్గగారూ?"

"కంప్యూటర్లో గీత వణికినప్పుడల్లా క్యాలెండరు మీద టైము రాసుకున్నానండి. రెండేళ్ల నుంచి. అది సూర్యుడి వైపుకి దగ్గరయ్యే నెలల్లో ఇంకా ఎక్కువ వణుకుద్దండి."

హైమగారు లేచి, గోడకున్న క్యాలెండరు దించారు. ఆ టైములు చేర్చి వ్యాసం మళ్లీ రాసి పంపారు.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు హైమగారు. రెండో చేతిలో ఫోను.

"పత్రిక వాళ్లు వ్యాసం ఒప్పుకున్నారండి. చూడండి, రెండో పేరు మీదే."

వెంకటదుర్గ చెయ్యి చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. నిటారుగా నిలబడింది. కళ్ల ముందు ఆకాశమంతా తనదే అన్నట్టుంది.

"ఇంటిపేరు కూడా రాశారండి," అంది.

"రాయకుండా ఎలాగండి?"

మిగిలిన స్తంభాల పని ముగించింది. అయిదింటికి హైమగారికి దణ్ణం పెట్టి, గట్టు దిగి ఆటో ఎక్కింది. అరవయ్యో స్తంభానికి తగిలించి మరిచిపోయిన తాటాకు టోపీ, చెమట మరకలతో, చెరువు గాలికి నెమ్మదిగా తిరుగుతోంది.