మెయిల్ చివర పేరు

ఆ పొద్దున మబ్బు కమ్ముకుంది గానీ కురవలేదు. హుజూరాబాద్ మీద ఆకాశం బూడిద రంగులో కదలకుండా ఉంది. మిద్దె మీద ఆరేసిన బట్టలు తీయాలా వద్దా అని చూస్తుంటే కింద నుంచి మా ఆయన శ్యాంసుందర్ గొంతు వినిపించింది.

"పద్మా, మెయిల్ నేనే పంపిన. నీ కోసం ఆగితే పెండ్లిళ్లన్నీ అయిపోతయి."

బట్టలు వదిలేసి దిగాను. అప్పటికే అందరికీ వెళ్లిపోయింది.

మాది శుభలేఖలు అచ్చువేసే దుకాణం. ఇంటి ముందు గదిలోనే మిషను, కంప్యూటర్. ముహూర్తాలు దగ్గరపడగానే పాత గిరాకీలకు కొత్త కార్డుల సంగతి మెయిల్ చేస్తాం. వాళ్లలో సగం మంది దుబాయిలో, మస్కట్‌లో ఉంటారు. కార్డుల కోసం ఆయన కొట్టే తెలుగు పాత అచ్చు ఫాంటుది. మా కంప్యూటర్లోనూ కాగితం మీదా చక్కగానే ఉంటుంది. అదే ఎత్తి మెయిల్లో అతికిస్తే, ఆ ఫాంటు లేని చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన పిచ్చిగీతలవుతుంది.

అందుకే ప్రతి మాటా ఫోన్లు చదవగలిగే తెలుగులో నేను మళ్లీ కొట్టేదాన్ని. కార్డులోని రంగులు, గీతలు వదిలేసి ఉత్త అక్షరాలే ఉంచేదాన్ని. కార్డు బొమ్మ తెరుచుకోని ఫోన్లుంటాయని ధరలు మాటల్లోనే రాసేదాన్ని. ముందు నాకే పంపుకుని, మా అత్త రామవ్వ పాత ఫోన్లో తెరిచి చూసేదాన్ని. అందులో కుదిరితే ఎందులోనైనా కుదురుతుంది. ఇదంతా పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, కూర మాడకుండా మధ్యమధ్య లేస్తూ. "గంత సేపేందే? అతికిచ్చి పంపుడే గదా," అనేవాడాయన. "కూసొని వేళ్లు ఆడిచ్చుడు గూడ పనేనా," అనేది అత్త. నేను నవ్వేసి, చివర ఆయన పేరే పెట్టి పంపేదాన్ని. చెడిపోయింది ఎవరి కంటా పడకముందే బాగుచేశాను. అది చెడిపోతుందన్న సంగతే ఎవరికీ తెలియకుండా నేనే చేసుకున్నాను. ఒక్కసారి ఆ పిచ్చిగీతలు చూపించి, ఇదీ నా పని అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మధ్యాహ్నం కాకముందే మస్కట్ నుంచి హనుమండ్లు ఫోన్ చేశాడు. మా ఆయనకు వరసకు బావ. బిడ్డ పెళ్లి ఖాయమైంది. స్పీకర్లో గొంతు వంటింటిదాకా వచ్చింది.

"ఏం బావా, గిదేం పంపినవే? కోడి గీకినట్టున్నది. నా బిడ్డ కార్డు గూడ గిట్లనే అచ్చేస్తవా?"

ఆయన నా వైపు చూడలేదు. "మా ఇంటామె పంపింది బావా. ఆమెకేం తెల్వది తియ్యి."

"గట్లనా. చెల్లెకు రొట్టెలు అప్పజెప్పు, మెయిల్లు గాదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నా చేతిలో రొట్టె పిండే ఉంది. ఫోన్ పెట్టేశాక ఆయన మామూలుగానే అన్నాడు, "జర సరిచేసి మళ్ల పంపు. మా ఇంట్ల పొరపాటైందని రాయి."

చేతులు కడుక్కుని కూర్చున్నాను. మొత్తం మళ్లీ కొట్టాను. చివర ఇలా రాశాను: "పొద్దుటి మెయిల్ శ్యాంసుందర్ గారు పంపినది. అది చదవడానికి వీల్లేకుండా వచ్చింది, మన్నించండి. ఎప్పటిలాగే దీన్ని నేను రాసి పంపుతున్నాను. పద్మలత."

ముందు నాకే పంపుకున్నాను. అత్త ఫోన్ అడిగి తెరిచాను. నా పేరు మీద కన్ను కాసేపు ఆగింది.

"ఏమన్న తప్పు వోయిందా?" అంది అత్త.

"లేదత్తా. అక్షరాలన్నీ మంచిగనే ఉన్నయి."

అందరికీ పంపాను. సంతోషమేమీ కలగలేదు. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లు పట్టిందా అనిపించింది.

రోజూ వాళ్లిద్దరికీ వడ్డించి, తర్వాత తినేదాన్ని. ఆ రోజు మూడు కంచాలు పెట్టి నేనూ కూర్చున్నాను. అత్త నా కంచం వైపు చూసింది. ఆయన ఫోన్ టింగుమంది. ఎడమ చేత్తో తీసి, నేను పంపిన మెయిల్ చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఫోన్ బోర్లా పెట్టి రొట్టె తుంచాడు.

బయట వాన మొదలైంది. మిద్దె మీది బట్టలు గుర్తొచ్చాయి. లేవలేదు. పచ్చిపులుసు గిన్నె నా పక్కనే ఉంది. ఆయన కాసేపు దాని వైపు చూశాడు. తర్వాత తానే చెయ్యి చాచి దగ్గరికి లాక్కున్నాడు.