నా దగ్గర దాచుకున్న కిరీటాలు

నా కోడలు ఎకా జార్జియా దేశపు పిల్ల. నా కొడుకు ఇసిడోర్‌తో ఆమె పెళ్ళి మా కియోస్ ద్వీపంలోనే, మా ఊరి చర్చిలో జరిగింది. పెళ్ళిలో ఇద్దరి తలల మీదా పెట్టే తెల్ల కిరీటాలను ఒకే రిబ్బను కలిపి ఉంచుతుంది. వాటిని అద్దాల పెట్టెలో పెట్టి పడకకు పైన తగిలించుకుంటాం. వాళ్ళ కొత్తింటి గోడ ఇంకా తడిగా ఉందని, ఆరేదాకా ఉంచుతానని ఆ పెట్టెను మా ఇంటికి తెచ్చుకున్నాను. గోడ నెలలో ఆరింది. తిరిగి ఇచ్చేద్దామనుకున్న వారమే ఇసిడోర్ అన్నాడు.

"ఎకాకి ఇక్కడి పౌరసత్వం వస్తే ఇద్దరం జర్మనీ వెళ్ళి పని చేసుకోవచ్చమ్మా."

నేనిక ఇవ్వలేదు. నాలుగేళ్ళు. ఆ కిరీటాలు నా గోడకు ఉన్నంతకాలం వాళ్ళు ఓడెక్కరని నా మనసుకు గట్టిగా అనిపించింది.

నా భర్త స్తమాతిస్ సరుకుల ఓడలో వెళ్ళి సముద్రంలో కలిసిపోయాడు. మాలో ఎవరైనా పోతే రిబ్బను కత్తిరించి, ఒక కిరీటాన్ని వాళ్ళ శవపేటికలో పెడతారు. ఆయన దేహం దొరకలేదు. మా రిబ్బను అలాగే ఉంది. కలలో ఆ రెండు కిరీటాలు నీటి మీద తేలిపోతుంటాయి. నేను రేవులో నిలబడి రిబ్బను కొసకు చేయి చాస్తాను. అది పొడుగవుతూనే ఉంటుంది. తెగదు, అందదు.

నేను బడికి పోలేదు. రోజుకో కాగితం చింపే, వెనక చరిత్రా సామెతలూ అచ్చేసే గోడ క్యాలెండర్లతో చదువు నేర్చుకున్నాను. ఎకాని పౌరసత్వ పరీక్షకు ఆ కాగితాలతోనే చదివించాను. చలికాలమంతా, అమ్మకానికి తీసిన మాస్టిక్ చెట్ల బంకకు అంటిన మట్టిని చిన్న కత్తులతో గీకుతూ చదువుకున్నాం.

"అత్తా, నువ్వే రాసెయ్ పరీక్ష. నన్ను బంక గీక్కోనీ."

"నేను రాస్తే ఈ ముసలిది ఎక్కడిదని నన్నే పంపించేస్తారే."

ఆమె చదువు బాగుపడేకొద్దీ నా గుండె బరువెక్కేది. అయినా ఒక్క తప్పునూ దిద్దకుండా వదల్లేదు.

పరీక్ష గట్టెక్కాక, పెళ్ళి నిజమైనదేనా అని చూడటానికి పట్నం నుంచి ఒక అధికారిణి వాళ్ళింటికి వచ్చింది. ఇసిడోర్ చెట్ల దగ్గరున్నాడు, ఎకాకి తోడుగా నేనున్నాను. అధికారిణి రెండు జతల చెప్పులు చూసింది, రెండు దిండ్లు చూసింది. తర్వాత పడకపైన ఖాళీ మేకును చూసింది.

"చర్చిలో పెళ్ళన్నారు. కిరీటాలేవమ్మా?"

ఎకా నా వైపు చూసింది. నేను వాటిని ఎందుకు ఇవ్వలేదో ఆమెకు ఎప్పటినుంచో తెలుసని ఆ చూపులోనే అర్థమైంది.

"అద్దం పగిలింది మేడమ్. బాగుచేయడానికిచ్చాం."

"ఎవరికి?"

"పట్నంలో..."

"పట్నంలో ఎవరికి? వెళ్ళి చూసొస్తాను."

ఎకా మెడ ఎర్రబడింది. అధికారిణి కలం తీసింది. నా పరువు కోసం ఈ పిల్ల తన పౌరసత్వ కాగితాన్ని పోగొట్టుకుంటోంది.

"ఒక్క నిమిషం రాయకండి!" అని పక్కనే ఉన్న మా ఇంటికి పరుగెత్తాను. పరుగంటే నా మోకాళ్ళు చేయగలిగిన పరుగు. సందంతా పొగమంచు, బంక వాసన. నడుస్తున్నది నేల మీదో నీళ్ళ మీదో తెలియలేదు. నా గోడకు రెండు పెట్టెలు. కళ్ళద్దాలు కనబడలేదు, ఏది ఎవరిదో తేలలేదు. రెండూ చంకల్లో పెట్టుకుని తిరిగొచ్చాను.

"ఇవిగో. నేనే దాచాను. పిల్లది తప్పేం లేదు."

"ఎందుకు దాచారు?"

"ఇస్తే వెళ్ళిపోతారని."

ఆమె రెండో పెట్టెకేసి చూసింది. "ఇవి?"

"నావి. ఆయన పోయి ముప్ఫై ఏడేళ్ళు."

"రిబ్బను కత్తిరించలేదే?"

"కత్తిరించి ఎందులో పెట్టనమ్మా? సముద్రంలోనా?"

ఆమె ఎకా వైపు తిరిగింది.

"నువ్వెందుకు అబద్ధమాడావు?"

"అత్తని నలుగురూ ఆడిపోసుకుంటారని."

"దొంగ పెళ్ళి చేసుకున్నవాళ్ళు అత్త కోసం అబద్ధమాడగా నేనింతవరకూ చూడలేదు" అని మొదటిసారి నవ్వి, కాగితం మీద సంతకం పెట్టింది.

ఆమె వెళ్ళాక ఎకా పెట్టెను మేకుకు తగిలించింది. వంకరగా ఉంటే నేను సర్దాను.

"వెళ్ళిపోతారా?"

"తెలీదత్తా. ఇవాళ్టికి ఒక అబద్ధం చాలు."

"వెళితే ఇవి?"

"మాతోనే వస్తాయి."

ఇంటికొచ్చి నా పెట్టెను దాని చోట తగిలించాను. పక్కన, నాలుగేళ్ళు వాళ్ళ పెట్టె ఉన్న చోట, సున్నం చదరంగా, కొత్తగా మెరుస్తోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. సందులోంచి ఎకా కేక వినిపించింది.

"అత్తా! ఈ బంకంతా ఎవరు గీకుతారనుకున్నావ్?"

కత్తి తీసుకుని లేచాను.