లప్పం ఆరని గది

ఎడమచేత్తో కాయ అందుకోవడం, కుడిచేతి బొటనవేలితో ముచ్చిక గిల్లడం, కాయను గోతంలోకి, ముచ్చికను పక్కకు వేయడం. ఏళ్ల తరబడి కరీమున్ చేతులు ఆ పనిని ఆమెను అడక్కుండానే చేసుకుపోతున్నాయి. ఇవాళ చేతులు మిరపకాయల మీదున్నా మనసు ఊరి చివర తన కొత్త ఇంట్లోనే తిరుగుతోంది. ఫ్యాన్ బిగించారో లేదో! వెనకగది గోడలకి లప్పం పెట్టడం అయిందో లేదో!

"ఏమే, ముచ్చికలు గోతంలో వేసి కాయలు పారేస్తున్నావు! ఇల్లుగలదానివై పోయావని కళ్లు కనపడట్లేదా?" అంటూ పక్కనున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

కరీమున్ తనూ నవ్వేసి, కాయలన్నీ ఏరి గోతంలో పోసి, సగం పూటకే కొంగు దులుపుకుని లేచింది.

కొత్తింటి గుమ్మం దాటీ దాటకముందే లోపలినుంచి పెయింటర్ అంకయ్య గట్టిగా తుమ్మాడు.

"వచ్చావా అక్కా? నువ్వు సందు మలుపు తిరిగితేనే నా ముక్కుకి తెలిసిపోద్ది!"

"తుమ్ముకో నాయనా, తుమ్ముకో. అడిగేవాళ్లెవరూ లేరిక్కడ."

ఒంటికి పట్టిన ఆ మిరప ఘాటు ఇంటివాళ్లకి పడకే కరీమున్ వాళ్లు ఎన్నో అద్దె ఇళ్లు మారారు. ఏ ఇంట్లోనూ గోడకి ఒక మేకు కొట్టనిచ్చేవాళ్లు కాదు; కరీమున్ అత్త తన దబ్బనాన్ని పరుపు అంచుకే గుచ్చుకునేది. ఇప్పుడున్న ఇంటి యజమానురాలు కోటేశ్వరమ్మ మంచిదే. అత్త మంచం పట్టిననాటినుంచి రోజూ జావ కాచి పంపేది. ఆ మనిషే నిన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి, నేల చూపులు చూస్తూ చెప్పింది.

"తప్పుగా అనుకోబాక కరీమున్నా. మీ అత్తకి ఏదన్నా అయితే నా ఇంట్లో కాకుండా చూసుకో తల్లీ. నక్షత్రం మంచిది కాదంటే ఆరు నెలలు ఇల్లు మూసుకోవాల మేము."

మామ పోయినప్పుడూ అంతే జరిగింది. అప్పటి ఇంటివాళ్లు శవాన్ని లోపలికి రానివ్వకపోతే, ఆయన్ని రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టా కింద పడుకోబెట్టారు. వాన జల్లు ఆయన మొహం మీద పడుతుంటే అత్త తెల్లవార్లూ కొంగుతో తుడుస్తూనే కూర్చుంది. ఈమెనలా పడుకోబెట్టకూడదని కరీమున్ ఆ రోజే అనుకుంది. పునాది తీసినప్పటినుంచీ ఆమె తొందరంతా అందుకే.

ఆమె స్విచ్చులన్నీ వేసి చూసింది. వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు బుసబుసమంటూ వచ్చాయి. వెనకగది తలుపు మూసింది, తీసింది, మళ్లీ మూసింది. కిర్రుమనలేదు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, అంకయ్య చూస్తున్నాడని ఆగిపోయింది.

ఇంతలో బయట ఆటో ఆగింది. ఆమె భర్త మొహిద్దీన్ బాషా, తల్లి షాజాదీని రెండు చేతుల మీద ఎత్తుకుని దిగాడు.

"నేనేం చెయ్యను? ఇవాళే తీసకపొమ్మని పొద్దుట్నుంచీ అమ్మ గోల."

"శుక్రవారం పాలు పొంగించి, ఫాతెహా చదివించి తెద్దామనుకున్నాం గదా అత్తా! లప్పం ఇంకా పచ్చిగానే ఉంది."

"ఉంటే ఉండనీ. నేనేమన్నా గోడలు నాకుతానా ఏందే?" అని వెనకగదంతా కలయజూసింది షాజాదీ. "ఏందిరా అబ్బీ, ఆసుపత్రిలాగా ఈ తెలుపు?"

"రంగు రేపు వేస్తా పెద్దమ్మా," అన్నాడు అంకయ్య.

"వేసేముందు నన్నడుగు. చిలకపచ్చ కావాల నాకు."

ఊళ్లోవాళ్లందరికీ పరుపులు కుట్టిన షాజాదీ తనకోసం కుట్టుకున్న పరుపునే బాషా ఆటోలోంచి తెచ్చి గోడవారగా పరిచాడు. ఆమె పడుకుని పైకి చూసింది.

"ఫ్యాను పెద్దగా పెట్టు. ఇంకా పెద్దగా. ఆఁ! ఇంక తలుపేసి పోండి. నా గదిలో నన్ను కాసేపు పడుకోనీండి."

కరీమున్‌కి ఆనందంతో కాలు నిలవలేదు. "ఎటూ వచ్చేసింది గదా, ఇంక శుక్రవారం దాకా ఎందుకు?" అంటూ భర్తని పాలకి తరిమింది. ఇటుకలు పేర్చి, మిగిలిన చెక్కముక్కలతో పొయ్యి వెలిగించింది. పాలు నురగలు కట్టి పైకి లేచి గిన్నె చుట్టూ పొర్లాయి. అంకయ్య ఈల వేశాడు. గ్లాసు నిండా పాలు పోసుకుని కరీమున్ వెనకగదికి పరిగెత్తింది.

"అత్తా! పొంగినయ్యత్తా!"

షాజాదీ గోడవైపు ఒత్తిగిలి ఉంది. కరీమున్ పిలిచింది, తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, గ్లాసు కింద పెట్టేసింది.

బాషా తల్లి పాదాలు ఒళ్లో పెట్టుకుని కలిమా చదువుతున్నాడు. కాసేపటికి అంకయ్య తలుపు దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, ఇంకా చేరని ఇల్లు గదా. అశుభమంటారు. బయట టెంటు వేయించనా?"

"ఎందుకురా?" అంది కరీమున్. ఏడుస్తూనే తలెత్తి చూసింది. "ఇది మా అత్త ఇల్లు. ఇక్కడే ఉంటది."

దుప్పటి కప్పబోతుంటే కనిపించింది. పడుకున్న మనిషి చెయ్యి చాస్తే అందే ఎత్తున, పచ్చి లప్పంలో పరుపులు కుట్టే దబ్బనం గుచ్చి ఉంది. దానికి వేలాడుతున్న తెల్లదారం ఫ్యాన్ గాలికి ఊగుతోంది.